నాలుగు స్క్రూల యూనిట్

మైకు సెట్టు అంటే గోల అని ఇప్పటి పిల్లల అభిప్రాయం. ఊరేగింపులో కిటికీ అద్దాలు అదిరేటట్టు డీజే పెట్టుకునేవాళ్లు కూడా పాత బూర మాటెత్తగానే మొహం చిట్లిస్తారు. హిందూపురంలో కొట్టు పెట్టుకుని, ఇటు లేపాక్షి నుంచి అటు పెనుకొండ, ధర్మవరం దాకా పెళ్లిళ్లకూ జాతర్లకూ నాటకాలకూ ఎన్నికలకూ మైకు కట్టి బతికినవాణ్ని. నాకు ఆ మాట మింగుడు పడదు. మా బూర పుట్టింది మాట వినిపించడానికి. ఆ పని కోసం దాన్ని ఎంత శ్రద్ధగా చేశారో తెలియాలంటే విప్పి చూడాలి. మా కాలపు వస్తువును విప్పి చూడొచ్చు. ఇప్పటి వస్తువు విప్పడానికి రాదు. నా పేచీ అంతా అక్కడే.

నా దగ్గర రిఫ్లెక్స్ హారన్ అనే జాతి బూరలు రెండు ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి. పేరు చెప్పను, ఆ కంపెనీ సరుకు మీదే నా సంసారం నడిచింది. ఒకటి డెబ్బైల మొదట్లో బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నది. రెండోది ఎనభైల మధ్యలో అదే రోడ్డులో కొన్నది. మా హిందూపురంవాళ్లకు ఎలక్ట్రానిక్ సామాను ఏది కావాలన్నా అప్పుడూ ఇప్పుడూ ఎస్పీ రోడ్డే గతి. రెండు హారన్ల మూతీ ఒకే వెడల్పు. వెనక బిగించే, ధ్వని పుట్టించే యూనిట్లు రెండింటి మీదా 30 వాట్లు, 16 ఓములు అనే రాసి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఏది ఏదో కొన్నవాడు కూడా చెప్పలేడు. చేతిలోకి తీసుకుంటే మాత్రం కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది.

ముందు హారన్ సంగతి. బూరలో ధ్వని నేరుగా బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. రిఫ్లెక్స్ హారన్‌లో అట్ల రాదు. వెనక యూనిట్ నుంచి బయలుదేరి మధ్య గొట్టంలో ముందుకు పోతుంది. అక్కడ గిన్నె మాదిరి ముక్క దాన్ని వెనక్కి తిప్పుతుంది. మళ్లీ వెనక మలుపు తిరిగి, అప్పుడు పెద్ద మూతిలోంచి బయటపడుతుంది. మూడు నాలుగు అడుగుల పొడుగు బూర చేయాల్సిన పనిని అడుగున్నర వస్తువులో మడిచిపెట్టారన్నమాట. ఈ మడతలో ఇంకో మేలు కూడా ఉంది. వాన నీళ్లు మూతిలో పడినా యూనిట్ దాకా పోవు, గిన్నె అంచు నుంచి కిందికి కారిపోతాయి. జాతరలో వాన పడితే ఆంప్లిఫయర్ మీద గోనెపట్ట కప్పేవాళ్లం. బూరను ముట్టుకునేవాళ్లమే కాదు.

పాత హారన్‌లో గొట్టం, గిన్నె, మూతి, ఈ మూడు ముక్కలూ మందమైన అల్యూమినియం రేకును లేత్ మీద తిప్పి తీసినవి. ఎక్కడా అతుకు లేదు. మూతి అంచును లోపల ఇనుప తీగ పెట్టి మడిచారు. మెట్ల మీద నుంచి జారి పడినా ఆ అంచు సొట్టపోయేది గానీ చిరిగేది కాదు. చెక్క సుత్తితో నిదానంగా కొడితే సరిపోయేది. వేలితో తడితే చప్పుడు రాదు. అది ముఖ్యం, ఎందుకంటే రేకు తనంతట తాను మోగితే మాటలోకి డబ్బా శబ్దం వచ్చి కలుస్తుంది. రెండో హారన్ రేకు పల్చన. అంచు మడిచారు, లోపల తీగ లేదు. మధ్య గిన్నెను మూడు రివెట్లతో బిగించారు. నాలుగేళ్లు జీపు మీద తిరిగేసరికి రివెట్లు వదులయ్యాయి. ‘స’ అన్నా ‘శ’ అన్నా జిర్రుమనేది. రబ్బరు వాషర్లు వేసి, నట్లు బోల్టులు పెట్టి నేనే బాగు చేసుకున్నాను.

ఇక యూనిట్. అసలు తేడా ఇక్కడ. పాతది పొడుగ్గా, సన్నగా, చెంబు మాదిరి ఉంటుంది. కొత్తది పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. పాతదాని పక్కన మేకు పెడితే అతుక్కోదు. కొత్తదాని పక్కకు తీసుకుపోతే మేకు ఎగిరి పట్టుకుంటుంది. ఇది చూపించినప్పుడల్లా కుర్రవాళ్లు “అయితే కొత్తదే పవర్ ఎక్కువ కదన్నా!” అనేవాళ్లు. అదే పొరపాటు. మేకును పట్టుకునే బలం బయటికి కారిపోయే బలం. పాత యూనిట్‌లో మాగ్నెట్ ఇనుప గిన్నె మధ్యలో ఉంటుంది. దాని బలమంతా కాయిల్ అనే తీగ చుట్ట కదిలే సన్నటి సందులోకే పోతుంది, బయట వృథా తక్కువ. కొత్తదాంట్లో మాగ్నెట్ చక్రం మాదిరి బయటనే ఉంటుంది. దాని చుట్టూ ఇనుము లేదు, అందుకే లీకు.

పాత మాగ్నెట్ ఆల్నికో. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపి పోతపోసింది. ఈ జాతి లోహాన్ని 1931లో జపాన్‌లో మిషిమా అనే ఆయన కనిపెట్టాడు. బలమైనదే, కానీ దాన్ని పొడుగ్గా చేయాలి, పొట్టిగా చేస్తే తన బలాన్ని తానే పోగొట్టుకుంటుంది. అందుకే యూనిట్‌కు ఆ చెంబు ఆకారం. కొత్త మాగ్నెట్ ఫెర్రైట్. 1950ల మొదట్లో హాలండ్‌లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చింది. ఇనుప ఆక్సైడ్ పొడిలో బేరియమో స్ట్రాన్షియమో కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో కాలుస్తారు. చవక. సైజుకు సైజు చూస్తే ఆల్నికో అంత బలం ఉండదు. అందుకే దాన్ని వెడల్పుగా పరుస్తారు. కింద పడితే పగులుతుంది.

కంపెనీవాళ్లు మాగ్నెట్ ఎందుకు మార్చారో నాకు చాలా ఏళ్ల వరకు తెలియలేదు. లాభం కోసమే అనుకుని తిట్టుకున్నాను. తర్వాత బెంగళూరులో ఒక పాత ఇంజనీరుగారు చెప్పారు. అప్పట్లో కోబాల్ట్ ఎక్కువగా వచ్చేది ఆఫ్రికాలో నాటి జైర్ దేశపు షాబా ప్రాంతం నుంచి. 1978 మేలో అక్కడ కోల్వేజీ పట్టణంలో తిరుగుబాటుదార్లు చొరబడ్డారు, గనుల పని ఆగింది, కోబాల్ట్ ధర కొద్ది నెలల్లోనే ఎన్నో రెట్లు పెరిగింది. ప్రపంచంలో స్పీకర్లు చేసేవాళ్లు చాలామంది ఆల్నికో వదిలి ఫెర్రైట్‌కు మారారు. ఎక్కడో ఆఫ్రికాలో గని ఆగితే హిందూపురం బెల్లం మండీ దగ్గర నా కొట్లో వేలాడే బూర ఆకారం మారిపోయింది. ఈ సంగతి తెలిశాక మాగ్నెట్ విషయంలో నేను కంపెనీని ఒక్క మాట అనను. ఫెర్రైట్‌తో మంచి యూనిట్ చేయొచ్చు, చేసినవాళ్లూ ఉన్నారు.

కానీ మూతను జిగురుతో అంటించమని కోబాల్ట్ చెప్పలేదు కదా!

పాత యూనిట్ ముందు మూతకు నాలుగు స్క్రూలు. విప్పితే మూత వస్తుంది. కింద అదిరి ధ్వని పుట్టించే డయాఫ్రం, బేకలైట్ జిగురు పట్టించి అచ్చు పోసిన గుడ్డ. ముదురు గోధుమ రంగు, వేలితో నొక్కితే మెత్తగా వంగి మళ్లీ లేస్తుంది. దాని అంచుకు కాయిల్. డయాఫ్రం అంచులో రెండు రంధ్రాలు, యూనిట్ మీద రెండు పిన్నులు. రంధ్రాలు పిన్నుల్లో కూర్చుంటే కాయిల్ సందు మధ్యలో సరిగ్గా నిలబడుతుంది. కంటితో చూసి సరిచేయాల్సిన పని లేదు. డయాఫ్రం ముందు ఫేజ్ ప్లగ్ అని ఒక ముక్క ఉంటుంది. డయాఫ్రం మధ్య నుంచి వచ్చే గాలి, అంచు నుంచి వచ్చే గాలి ఒకేసారి గొంతులోకి చేరేటట్టు అది దారి చూపిస్తుంది. 1920ల్లో అమెరికాలో బెల్ లాబొరేటరీలో వెంటే, థురాస్ అనే ఇద్దరు ఈ పద్ధతిని గట్టిపరిచారు. పాత యూనిట్‌లో ఆ ముక్క లేత్ మీద తిప్పిన అల్యూమినియం. కొత్తదాంట్లో ప్లాస్టిక్. డయాఫ్రం కూడా పల్చని ప్లాస్టిక్ పొర. మూతకు స్క్రూలు లేవు, చుట్టూ జిగురు. కాయిల్ కాలిందంటే యూనిట్ పారేసి యూనిట్ కొనాలి. పాతదాంట్లో కాయిల్ కాలితే డయాఫ్రం మాత్రమే మార్చాలి. అది దొరక్కపోతే కాయిల్ చుట్టుకోవాలి.

పాత యూనిట్‌లో కూడా ముట్టుకోకూడని చోటు ఒకటుంది. వెనక బోల్టు. దాని మీద ఎర్ర లక్క పూసి పంపేవాళ్లు. అది విప్పి ఆల్నికో ముక్కను ఇనుప గిన్నెలోంచి బయటికి లాగితే చాలు, దాని బలం పడిపోతుంది. తిరిగి పెట్టి బిగించినా రాదు, మళ్లీ మాగ్నెటైజ్ చేయించాల్సిందే. ముందు నాలుగు స్క్రూలు నీవి, వెనక బోల్టు మావి అని కంపెనీ ఒక హద్దు గీసింది. మనం విప్పుతామని వాళ్లకు తెలుసు. విప్పేవాడి మీద ఆ మాత్రం నమ్మకం ఉండేది.

కాయిల్ చుట్టడం నేను ధర్మవరంలో ఒక నేత ఇంట్లో కూర్చుని చేసిన సందర్భం ఉంది. రాత్రికి నాటకం, సాయంత్రం కాయిల్ కాలింది. కాలిన కాయిల్‌ను విప్పుతూ చుట్లు లెక్కపెట్టుకున్నాను. వార్నిష్ తీగ, వెంట్రుక కంటే కాస్త లావు. సైజుకు సరిపోయే చెక్క బొంగు మీద పల్చని కాగితం చుట్టి, దాని మీద తీగ చుట్ట పక్కన చుట్ట పడేటట్టు రెండు వరసలు చుట్టాలి. ఒక్క చుట్ట మరోదాని మీదికి ఎక్కినా సందులో రాసుకుంటుంది. ఆ ఇంటామె పక్కన కండెలు చుట్టుకుంటూ చూస్తా ఉంది. “ఇంత సన్న కమ్మీ తెగకుండా ఎట్ల చుడతావన్నా?” అంది. “నీ పట్టు పోగు తెగకుండా నువ్వెట్ల చుడతావమ్మా, అట్లనే” అన్నాను. ఆమె లేచి వచ్చి తీగ కొసను తానే పట్టుకుంది. బిగువు ఎక్కడ పెంచాలో ఎక్కడ వదలాలో ఆ చేతులకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. దీపాలు పెట్టే వేళకు యూనిట్ బిగించాను. రాత్రంతా పలికింది.

ధర్మవరంలో నాటకమంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని మైకు కట్టాలి. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఆయన నాటకాలు ఆడించింది బళ్లారిలో, అయినా పద్యం చెవి ఆ ఊరిది. మగ్గం దిగి వచ్చి మూడో జాముదాకా కూర్చునే జనం. రాగం కాస్త తగ్గినా ఊరుకుంటారు, మాట వినపడకపోతే ఊరుకోరు. మాటను మాటగా నిలబెట్టేవి హల్లులు. క, చ, ట, త, ప, ఇవి పలికినప్పుడు పుట్టే పదును ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. బూర బలమంతా అక్కడే. 300 హెర్ట్‌జ్‌కు కింద అది పెద్దగా పలకదు. మృదంగం బరువు దాంట్లో రాదు, హార్మోనియం కింది మెట్లు పల్చబడతాయి. నిజమే. కానీ ఆఖరి వరసలో చాప పరుచుకున్న ముసలాయనకు పద్యంలో ప్రతి అక్షరం అందేది. నేను ఆయన పక్కన కూర్చుని వినేవాణ్ని. మైకువాడు ఆంప్లిఫయర్ దగ్గర కూర్చుంటే ఏమీ తెలియదు, ఆఖరి వరసలో కూర్చోవాలి.

పెనుకొండలో చిక్కు వేరు. బాబయ్య దర్గా ఉరుసుకు, ఊళ్లో తిరునాళ్లకు బూరలు కట్టాలంటే ముందు కొండను చూడాలి. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. కొండ గోడ 170 మీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి సరిగ్గా ఒక సెకను. బూర మూతి కొండవైపు పెట్టావంటే నువ్వు రెండో మాట అనేటప్పటికి మొదటి మాట తిరిగొచ్చి దాని మీద పడుతుంది. ఎవరికీ ఏదీ అర్థం కాదు. అందుకని కొండకు వీపు చూపించి, మూతి కాస్త కిందికి వంచి, జనం నెత్తిన పడేటట్టు కట్టేవాళ్లం. ఒక పెద్ద బూరకు బదులు నాలుగు చిన్నవి చింతచెట్లకు దూరదూరంగా కట్టి, నాలుగింటినీ తక్కువగా పలికించేవాళ్లం. తీగ చాలా దూరం లాగితే కరెంటు తీగలోనే సగం చస్తుంది. దానికోసం ప్రతి బూర దగ్గరా లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవాళ్లం. ఇదంతా మాకు ఎవరూ పుస్తకంలో చూపించలేదు. మా ఉస్తాదు చేసేది చూసి నేర్చుకున్నాం. ఖవ్వాలీ పాడేవాళ్లు వచ్చీ రాగానే బూరలు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకునేవాళ్లు, ఆ తర్వాతే కూర్చునేవాళ్లు.

ఎన్నికల సంగతి హిందూపురంవాళ్లకు వేరే చెప్పాలా? 1985లో ఎన్టీఆర్ గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడు చోట్లా గెలిచి మా ఊరినే ఉంచుకున్నారు. 1989లో, 1994లో కూడా ఇక్కడి నుంచే. ఆ గొంతుకు మైకు అక్కర్లేదనిపించేది. అయినా కట్టాలి, జనం అంతమంది. అట్లాంటి గొంతుకు ఆంప్లిఫయర్ పెంచకూడదు, తగ్గించాలి. పెంచితే డయాఫ్రం చిరుగుతుంది. జీపు మీద రెండు బూరలు, 12 వోల్టుల బ్యాటరీ, ఒక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్, ఇంతే. పల్లెల్లో కరెంటు ఉన్నా లేకపోయినా మీటింగు ఆగేది కాదు. అంతకుముందు తరంలో గాంధీ, నెహ్రూ మాట్లాడుతున్న ఫొటోల్లో మైకు మీద ‘చికాగో రేడియో’ అన్న పేరు కనిపిస్తుంది చూడండి. అది అమెరికా కంపెనీ కాదు, మోత్వానీ కుటుంబం నడిపిన మన దేశపు సంస్థ. దేశమంతా ఒక మనిషి మాటను చివరి వరసదాకా మోసింది ఇట్లాంటి బూరలే. ఆ పని విలువ తెలియనివాళ్లు దాన్ని గోల అంటే నాకు బాధగా ఉండదా?

మొన్న మా వీధిలో పెళ్లి. డీజే కుర్రవాడు లారీ నిండా నల్ల బాక్సులు దించాడు. మంచివాడే, పనిలో శ్రద్ధ ఉంది. నా కొట్లో బూరలు చూసి లోపలికి వచ్చాడు.

“తాతా, నావి ఎనిమిది వేల వాట్సు. నీ బూర ఎంత?”

“ముప్పై.”

“ముప్పై వేలా?”

“కాదప్పా, ముప్పై.”

నమ్మలేదు. లెక్క చెప్పాను. మంచి హారన్‌కు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 105 నుంచి 110 డెసిబెళ్లు వస్తుంది. మామూలు కోను బాక్సుకు 90, 95 వస్తుంది. పది డెసిబెళ్ల తేడా అంటే పది రెట్ల వాట్లు. పదిహేను అంటే ముప్పై రెట్లు. మాట ఉండే స్వరాల్లో నా ముప్పై వాట్ల బూరకు దీటు రావాలంటే అతని బాక్సుకు వెయ్యి వాట్లు దాకా పోయాలి. మిగతా వేలన్నీ దేనికి? గుండెల మీద గుద్దే ఆ బేసు కోసం. ఆ రాత్రి పురోహితుడు మంత్రం చదివాడు, పెళ్లికూతురు మేనమామ ఏదో రెండు మంచి మాటలు చెప్పాడు. మూడో వరసలో కూర్చున్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎనిమిది వేల వాట్లలో మనిషి మాటకు చోటు లేకపోయింది.

చట్టం లేక కాదు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదు. ఇళ్లున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అది సరైన మాట. రాత్రి పదికి ఆపమన్నందుకు నేను ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకునేదల్లా, ఆ హద్దుకు కారణం బూర అని అందరూ అనుకోవడం. మూతి కిందికి వంచి కట్టిన బూర ధ్వని జనం మీద పడుతుంది. బేసుకు దిక్కు లేదు, గోడలు దాటి నాలుగు వీధుల అవతల పసిపిల్లను లేపుతుంది.

ఇప్పటి సామానులో మేలు లేదని అనను. తీగ లేని మైకు మంచిది, పాడేవాడి కాళ్లకు అడ్డం పడదు. మైకు కూయకుండా ఆపే సాధనాలు వచ్చాయి, ఆ కూత ఆపడానికి మేము పడ్డ అవస్థ మాకు తెలుసు. 1980ల్లో నియోడిమియం మాగ్నెట్ వచ్చాక బరువు బాగా తగ్గింది. కొత్త యూనిట్లు తేలిగ్గా చెట్టెక్కుతాయి. కానీ వీధిలో తోపుడుబండి మీద మెమరీ కార్డు పెట్టి అరిపించే ఆ ప్లాస్టిక్ బూర నుంచి లారీ మీది బాక్సు దాకా, ఒక్కదానికీ లోపలికి దారి లేదు. ఎస్పీ రోడ్డులో పోయినసారి అడిగాను, ఈ మోడలుకు డయాఫ్రం విడిగా ఇస్తారా అని. “కొత్త యూనిట్ తీసుకోండి సార్, చవకే” అన్నాడు. నా బాధ చవక గురించి కాదు. కాయిల్ మాత్రమే కాలితే మాగ్నెట్టూ, గిన్నే ఎందుకు చెత్తలో పడాలి?

ఇప్పుడు హిందూపురం, ధర్మవరం, పెనుకొండ, మూడు ఊళ్లలోనూ పాత బూరలు తూకానికి పోతున్నాయి. గుళ్లో, దర్గాలో, పంచాయతీ ఆఫీసులో అటక మీద పడి ఉన్నవి అల్యూమినియం రేటుకు కిలోల్లెక్కన అమ్ముతున్నారు. యూనిట్‌ను సమ్మెటతో పగలగొట్టి లోపలి ముక్క తీసుకుంటారు. గుడి కమిటీలవాళ్లకూ, ఉరుసు కమిటీలవాళ్లకూ, పంచాయతీ పెద్దలకూ నేను అడిగేది ఇంతే. కొత్త స్పీకర్ కొనేటప్పుడు దుకాణంలోనే అడగండి: దీని మూత విప్పడానికి వస్తుందా, డయాఫ్రం విడిగా దొరుకుతుందా అని. రాదంటే వేరేది చూపించమనండి. పాతది తూకానికి వేసేముందు తిప్పి చూడండి. పొడుగు యూనిట్ అయి, ముందు నాలుగు స్క్రూలుండి, వెనక లక్క చెదరకుండా ఉంటే దాన్ని ఉంచుకోండి. దాని లోపల ఆల్నికో ఇంకా బతికే ఉంటుంది. కాలింది కాయిలే అయి ఉంటుంది. తీగ నా దగ్గర ఉంది, కాయిల్ చుట్టిస్తాను.